పరుపు మాట పరుపునే అడుగు

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన పరుపు పంచాయితీ విని అప్పటికి నవ్వేశాను గానీ, తర్వాత ఆలోచిస్తే నవ్వి ఊరుకునే సంగతి కాదనిపించింది. ఆన్‌లైన్లో ఆఫరుంది, కొత్తది కొనేద్దామని మీ ఆయన. ఒక్క పరుపు మీద మేం పాతికేళ్ళు పడుకోలేదా అని మీ అత్తగారు. మా నాన్న సారెలో పెట్టింది, పారేయడానికి మనసొప్పడం లేదని నువ్వు. ముగ్గురి మాటల్లోనూ న్యాయముంది. కానీ ముగ్గురిలో ఒక్కరు కూడా దుప్పటి తీసి ఆ పరుపు వంక సరిగ్గా చూసినట్టు లేదు. పదకొండేళ్ళుగా మీ బరువు మోస్తున్న పరుపు తన సంగతి తానే చెబుతుంది. ఎలా అడగాలో నేను చెబుతాను, తీరిగ్గా చదువుకో.

ముందు మీ అత్తగారి మాట. వదినగారు అబద్ధమేం చెప్పడం లేదు. వాళ్ళింట్లో పరుపు పాతికేళ్ళు వచ్చింది, మా ఇంట్లోవీ వచ్చాయి. అయితే అవి దూది పరుపులు. దూది అణిగి, ఉండలు కట్టి, నడుము కింద గట్టిగా తగలడం మొదలైతే దూదేకుల సాయిబును పిలిచేవాళ్ళం. మా పల్నాటి వీధుల్లో భుజాన పొడవాటి విల్లు పెట్టుకుని, నారి మీటుకుంటూ వచ్చేవాడు. ఆ మోతే ఆయన కేక. పెరట్లో పాత చీర పరిచి, పరుపు కుట్లు విప్పి, దూదంతా కుప్ప పోసేవాళ్ళం. ఆయన విల్లు నారిని ఆ కుప్పకు ఆనించి కొయ్య గూటంతో కొడుతుంటే, గడ్డ కట్టిన దూది పోగుపోగుగా విడిపోయి గాల్లోకి లేచేది. ఆయన కనుబొమలూ మీసాలూ తెల్లబడేవి, మేం పిల్లలం తుమ్ముకుంటూ చుట్టూ తిరిగేవాళ్ళం. ఉతికి ఎండబెట్టిన గలీబులోకి మళ్ళీ దూది కూరి, తగ్గినచోట కాస్త కొత్త దూది కలిపి, దబ్బనంతో జానెడేసి దూరంలో ముడులు వేసేవాడు. దూది పక్కలకు జారిపోకుండా ఆ ముడులు. పొద్దుటికి రాయిలా ఉన్న పరుపు సాయంత్రానికి మూడింతలు పొంగి కూర్చునేది.

అర్థమైందా? వదినగారు చెప్పే పాతికేళ్ళలో ఆ పరుపు ఎన్నిసార్లు విప్పి కుట్టించారో ఒకసారి ఆవిడనే అడుగు. బూరుగు దూదికి మాత్రం అంత ఆయుష్షు ఉండేది కాదు. ఆ పోగు లోపల బోలుగా, పైన మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది. తేలిక, చెమ్మ పట్టదు, కానీ పెళుసు. నాలుగుసార్లు ఏకితే పొడైపోయేది. అందుకే అది ఎక్కువగా దిండ్లకే వాడేవాళ్ళం, పరుపుకు పత్తి దూదే.

నీ పరుపు జాతే వేరు. లోపల రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు అట్ట, పైన రెండంగుళాల ఫోమ్. మన కోనసీమలోనూ, కేరళ అలప్పుళ వైపూ తీసే పీచునే మెలిపెట్టి, ఉంగరాలు తిరిగాక విడదీసి, దాని మీద రబ్బరు పాలు చిమ్మి, అచ్చులో వేడి చేసి నొక్కితే ఆ అట్ట తయారవుతుంది. పీచుకూ పీచుకూ మధ్య ఆ రబ్బరు పట్టు ఉన్నన్నాళ్ళే దానికి స్ప్రింగు గుణం. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు ఎండి పొడిబారుతుంది, పట్టు వదిలేస్తుంది, పీచు విరిగి కిందికి రాలుతుంది. ఫోమ్ సంగతీ అంతే. దానిలోని సన్నసన్నని గాలి గదుల గోడలు రోజూ నలిగి నలిగి చిట్లుతాయి. ఒకసారి చిట్లినవి మళ్ళీ అతుక్కోవు. ఏ సాయిబూ దాన్ని ఏకలేడు, ఏ ఎండా దాన్ని పొంగించలేదు. దూది పరుపుకు మరమ్మతు ఉంది, వీటికి ఉన్నది ఆయుష్షే. పాత అలవాటు కొద్దీ ఆ తేడా మరిచి, బాగు చేయలేని దాన్ని కూడా "ఇంకొన్నాళ్ళు వస్తుందిలే" అని మనం ఈడుస్తుంటాం.

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అని కూడా వదినగారు అనొచ్చు. పొద్దస్తమానం పొలంలో వంగి నాట్లేసి వచ్చిన మనిషికి ఆ సామెత అక్షరాలా నిజం. పగలంతా కుర్చీలో కూర్చుని కంప్యూటరు ముందు గడిపే మీ ఇద్దరికీ అది అంతగా వర్తించదు. నిద్ర ఎరగకపోవచ్చు గానీ తెల్లారాక నడుము ఎరుగుతుంది.

కాబట్టి మొదటి సాక్షి నీ నడుమే. పొద్దున లేవగానే బిగిసినట్టుండి, స్నానం చేసి వంటింట్లో నాలుగడుగులు తిరిగేసరికి సర్దుకుంటోందా? మా ఇంటికొచ్చినప్పుడో, అమ్మ దగ్గర ఉన్నప్పుడో హాయిగా లేస్తున్నావా? అయితే అనుమానం పరుపు మీదే. ఎక్కడ పడుకున్నా అదే బాధ అయితే మాత్రం తప్పు పరుపుది కాదు. బిగువు అరగంటకు పైగా వదలకపోయినా, నొప్పి కాల్లోకి పాకినా, తిమ్మిరెక్కినా, జ్వరంతోనో బరువు తగ్గడంతోనో కలిసి వచ్చినా పరుపుల షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళు. మూత్రం మీద అదుపు తప్పినట్టనిపిస్తే ఆ రోజే వెళ్ళాలి. కొత్త పరుపుతో పోతుందిలే అనుకుని జబ్బును ముదరబెట్టుకున్నవాళ్ళున్నారు.

రెండో సాక్షి దారం. ఆదివారం పొద్దున దుప్పట్లన్నీ తీసేసి, పరుపును ఓ గంట ఖాళీగా వదిలెయ్. తర్వాత నువ్వో వైపు, మీ ఆయన ఇంకో వైపు నిలబడి, మీ నడుములు ఆనే చోట ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక దారం బిగించి పట్టుకోండి. పిల్లాడి స్కేలు తెచ్చి దారానికీ పరుపుకూ మధ్య సందు ఎంతుందో కొలువు. అర అంగుళం లోపైతే కంగారు లేదు, మనుషులు పడుకునే చోట ఆ మాత్రం అచ్చు పడుతుంది. అంగుళమో, ఇంకా పైనో ఉంటే అక్కడ వెన్ను రాత్రంతా ఉయ్యాల్లో ఉన్నట్టే వంగి ఉంటుంది. దారం తీశాక ఆ గుంటలో మోకాలు ఆనించి బరువు వెయ్యి. కింద చెక్క గట్టిగా తగిలిందంటే ఆ పరుపులో ఇక పస లేదు. అర్ధరాత్రి మీ ఇద్దరూ దొర్లుకుంటూ నడి మధ్యకు చేరుతున్నామని నువ్వే నవ్వుతూ చెప్పావు కదా, అదీ ఇదే గుంట పని.

తీర్పు చెప్పే ముందు మంచాన్ని కూడా విచారించాలి. చాలా ఇళ్ళల్లో నేరం ప్లైవుడ్‌ది, శిక్ష పరుపుకి. కింద సామాను పెట్టుకునే బాక్సు మంచాల్లో పలక పల్చగా ఉంటే నాలుగేళ్ళకే మధ్యలో కుంగుతుంది. పట్టీల మంచమైతే ఒక పట్టీ విరిగినా తెలియదు. అందుకని పరుపును ఓ నాలుగు రాత్రులు నేల మీద వేసుకుని పడుకోండి. దారం పరీక్ష అక్కడ కూడా చెయ్యండి. నేల మీద గుంట మాయమై, నడుముకు సుఖంగా ఉంటే వడ్రంగిని పిలిచి పలక మార్పిస్తే సరి, పరుపు డబ్బు మిగిలినట్టే. నేల మీదా గుంట అలాగే ఉంటే పరుపు అయిపోయిందని రాసుకో.

పరుపు ఎత్తినప్పుడు పలక మీద చూడు. గోధుమరంగు పొడి రవ్వలా రాలి ఉందా? అదే పీచు. ఊడ్చేసి దుప్పటి కప్పినంత మాత్రాన లోపలి చిల్లి పూడదు. మా వీధిలో కొందరు అలాంటి పరుపుకు కొత్త గలీబు కుట్టించి మురిసిపోతుంటారు, పైన పటారం లోన లొటారం. కుంగిన పరుపు మీద పల్చటి ఫోమ్ టాపరు పరిచేవాళ్ళూ ఉన్నారు. అదీ కుంగిన నేల మీద కొత్త గచ్చు వేయడమే, నెలలు తిరక్కుండా పైది కూడా ఆ గుంట ఆకారానికే వస్తుంది. పరుపు సమంగా ఉండి, కాస్త గట్టిగా అనిపిస్తే మాత్రం టాపరు చక్కగా పనికొస్తుంది.

మూడో సాక్షి బాబు తుమ్ములు. లేవగానే వరసగా తుమ్ములు, ముక్కు దురద, బడికెళ్ళాక తగ్గిపోవడం అన్నావు. ఇన్నేళ్ళు సైన్సు పాఠాలు చెప్పినదాన్ని కదా, నాకు ముందు గుర్తొచ్చేవి ధూళి పురుగులు. కంటికి ఆనవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని, పరుపులో, దిండులో బతుకుతాయి. ఇంటి దుమ్ము పడకపోవడానికి కారణం ఈ పురుగేనని 1960లలో నెదర్లాండ్స్‌లోని లీడెన్ పరిశోధకులు తేల్చారు. అవి కుట్టవు, కరవవు, వాటి విసర్జన పొడే ముక్కుకు పడదు. గాల్లో తేమ 50 శాతం దాటితే వాటికి పండగ. మా పల్నాటి ఎండ వేరు, మీ విశాఖ ఎండ వేరమ్మా, మీకు ఎండతో పాటే సముద్రపు చెమ్మ కూడా వస్తుంది.

అయితే తుమ్ములొచ్చాయని పరుపు పారేయనక్కర్లేదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతుకు, వాషింగ్ మెషీన్లో ఆ మీట ఉందేమో చూడు. పరుపుకూ దిండుకూ జిప్పు ఉన్న, సన్నటి నేత గలీబు తొడుగు. తెల్లారగానే పక్క మడతపెట్టి కప్పెయ్యకుండా, కిటికీ తెరిచి కాసేపు ఆరనియ్యి. ఇవన్నీ చేసి రెండు నెలలు చూశాక కూడా తగ్గకపోతే, పరుపు కూడా ముసలిదైతే అప్పుడు మార్చు. పదేళ్ళలో పురుగులు చేరి పరుపు బరువు రెట్టింపు అవుతుందని అమ్మేవాళ్ళు చెబుతుంటారు. దానికి ఆధారం లేదు, జడిసి డబ్బులిచ్చుకోకు.

బూజు అలా కాదు. పరుపు అడుగున నల్లటి మచ్చలు, ముక్కవాసన కనిపిస్తే చెమ్మ లోపలికి దిగిందన్న మాట. గాలి సందు లేని బాక్సు మంచాల్లో, గోడకు ఆనించిన పరుపుల్లో ఇది వస్తుంది. ఫోమ్‌లోకి దిగిన బూజు ఏ మందుకూ పూర్తిగా పోదు, దాన్ని వదిలించుకోవడమే మేలు. ఆ పని చేసే ముందు గోడ చెమ్మ సంగతి తేల్చు, లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

నల్లుల మాట కూడా చెప్పాలి. పరుపు కుట్ల వెంబడి సిరా చుక్కల్లాంటి మచ్చలుంటే అవి నల్లులవే. చాలామంది ముందు పరుపు మారుస్తారు. కానీ నల్లులు మంచం కీళ్ళలో, స్విచ్‌బోర్డు వెనక, పటాల వెనక కూడా కాపురం ఉంటాయి. మనిషి రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతికేస్తాయి. పరుపు మారిస్తే కొత్త ఇంట్లోకి దిగుతాయి, అంతే. 50 డిగ్రీల వేడికి నల్లి గుడ్లతో సహా చస్తుంది గానీ, రోహిణి కార్తె ఎండైనా పరుపు పొట్టలోకి అంత వేడి దించలేదు. ఎండ తగిలితే అవి అవతలి పక్కకు నడిచిపోతాయి. ముందు మనిషిని పిలిపించి గదంతా మందు కొట్టించి, నల్లుల పీడ వదిలిందని నమ్మకం కుదిరాకే కొత్తది ఇంట్లో పెట్టు.

ఇక వయసు లెక్క. ఏడేళ్ళో పదేళ్ళో అయితే మార్చాలని కంపెనీలంటాయి. అది పట్టించుకోవలసిన గుర్తే తప్ప శాసనం కాదు. అమెరికాలో ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2009లో ప్రచురించిన పరిశోధనలో 59 మంది ఆరోగ్యవంతుల పాత పరుపుల స్థానంలో కొత్తవి వేసి చూశారు. నాలుగు వారాల్లో నడుము నొప్పీ బిగువూ తగ్గాయి, నిద్ర మెరుగైంది. వాళ్ళ పాత పరుపుల సగటు వయసు 9.5 ఏళ్ళు. మీది పదకొండు దాటింది. వయసు చూసి పరీక్షలు మొదలుపెట్టు, పరీక్షలు చూసి నిర్ణయం తీసుకో. వారంటీ కాగితం మీద పదేళ్ళని ఉందని పదేళ్ళు తప్పక వస్తుందనుకోకు. అది తయారీ లోపానికి ఇచ్చిన హామీ, పైగా మరక పడితే చాలా కంపెనీలు ఆ హామీ కూడా చెల్లదంటాయి.

కొనే వేళ వస్తే రెండు మాటలు గుర్తుపెట్టుకో. నడుము నొప్పికి ఎంత గట్టి పరుపైతే అంత మంచిదని మన ఇళ్ళల్లో గట్టి నమ్మకం. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ పరిశోధకులు దీన్ని పరీక్షకు పెట్టారు. చాన్నాళ్ళుగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టివి, కొందరికి మధ్యరకానివి ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యరకం మీద పడుకున్నవాళ్ళకే ఎక్కువ ఉపశమనం కలిగింది. కాబట్టి రాయీ వద్దు, బురదా వద్దు. షాపులో చేత్తో నొక్కి కొనకండి. చెప్పులు విడిచి ఇద్దరూ కలిసి పడుకోండి, వెల్లకిలా కొంతసేపు, పక్కకు తిరిగి కొంతసేపు, పావుగంట తక్కువ కాకుండా. సిగ్గుపడితే పదేళ్ళు బాధపడాలి. ఆన్‌లైన్లో అయితే ఇంట్లో వాడి చూసి నచ్చకపోతే వాపసు తీసుకునే గడువు ఉన్నదే తీసుకోండి. ఆ షరతులు చదవమని మీ ఆయనకు చెప్పు, ఆఫరు మాత్రమే చూస్తే చాలదు.

రెండోది డెన్సిటీ. 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అని షాపువాడు గడగడా చదువుతాడు. ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నదే ఆ అంకె, గట్టిదనానికి కొలత కాదు. మామూలు ఫోమ్‌లో అంకె పెరిగితే సాధారణంగా మన్నిక పెరుగుతుంది. రీబాండెడ్‌లో 80 అనో 100 అనో చెబితే మురిసిపోకు, అది ఫోమ్ తుక్కును జిగురుతో అదిమిన పలక, దాని లెక్క వేరు. వెళ్ళేముందు మంచం లోపలి కొలత అంగుళాల్లో రాసుకెళ్ళు. మన మంచాలు 72 పొడవూ ఉంటాయి, 75 ఉంటాయి, 78 ఉంటాయి, అంచనా మీద కొంటే మూలలు పైకి లేస్తాయి.

తెచ్చాక మూడు నెలలకోసారి తల వైపును కాళ్ళ వైపుకు తిప్పు. రెండు వైపులా ఒకేలా ఉన్నదైతే బోర్లా కూడా వెయ్యి, పైన మెత్తటి పొర ఉన్నదాన్ని మాత్రం బోర్లించకూడదు. దూది పరుపులా ఫోమ్‌నీ లేటెక్స్‌నీ మండుటెండలో పడెయ్యకు. ఎండకు అవి చెడిపోతాయి, నీడలో గాలికి ఆరబెడితే చాలు.

పాతదాన్ని ఏం చేద్దామంటావా? పనమ్మాయికి ఇచ్చేద్దామని చూస్తున్నావేమో. మనం దారం పట్టి కొలిచి, పనికిరాదని తేల్చిన గుంట, మన ఇంట్లో గిన్నెలు తోమే మనిషి నడుముకు మాత్రం ఎలా పనికొస్తుందమ్మా? మంచి స్థితిలో ఉన్నప్పుడు ఇస్తే అది దానం. నల్లులున్నదైతే ఆ ఇంటిక్కూడా పీడ అంటించినట్టవుతుంది. రోడ్డు పక్కన పడేయొద్దు, తగలబెట్టనే వద్దు, ఫోమ్ కాలితే వచ్చే పొగ విషం. వీధి పారిశుద్ధ్య సిబ్బందితో మాట్లాడి, పెద్ద సామాను ఎప్పుడు తీసుకెళ్తారో కనుక్కుని అప్పగించు. కొత్తది తెచ్చేవాళ్ళు పాతది పట్టుకెళ్తారేమో కూడా అడుగు.

చివరిది నీ మాట. మీ నాన్న సారెలో పెట్టిన వస్తువు మీద నీకున్న మమకారం నాకు తెలియనిది కాదు. వాడు నా తమ్ముడు, ఆ మంచం కోసం టేకు చెక్క ఎంచడానికి టింబరు డిపోల వెంట తిరిగినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. వాడు నీకు శాశ్వతంగా ఇచ్చింది ఆ మంచం. దాన్ని నీ మనవల దాకా ఉంచుకో. పరుపు మాత్రం నువ్వు సుఖంగా నిద్రపోవాలని ఇచ్చాడు. నిద్ర చెడగొడుతున్న దాన్ని వాడి పేరు చెప్పి మోస్తున్నావని తెలిస్తే ముందు వాడే కోప్పడతాడు. కావాలంటే ఫోన్ చేసి అడుగు, కొత్తది కొనడానికి ఆ సాయంత్రమే బండెక్కి వచ్చేసే రకం.

ఈ ఆదివారం దారం పరీక్ష చెయ్యి. వదినగారిని కూడా స్కేలు పట్టుకోమను, ఆవిడ కళ్ళతో చూస్తే వాదన అక్కడితో తేలిపోతుంది. కొనాల్సి వస్తే కొన్న తేదీ పరుపు అడుగు వైపు మార్కరుతో పెద్ద అక్షరాలతో రాసి పెట్టు. మళ్ళీ పదేళ్ళకు ఈ పంచాయితీ వస్తే, వయసు విషయంలోనైనా ఎవరూ కొట్టుకోనక్కర్లేదు.

ఆశీస్సులతో,
మీ పెద్దత్త